ఎర్రగడ్డ యను పేరు

పాఠశాలలో నొక బాలుడు తోటివానిని పరిహసింపదలచినపుడు "వీనిని ఎర్రగడ్డకు పంపవలె" ననుట మేము పలుమాఱులు వింటిమి. ఆ మాట వానికి బడిలో నేర్పినది కాదు. పెద్దల నోట విన్నదే. ఒక చికిత్సాలయ మున్న యూరిపేరు తిట్టుగా మాఱిన విధము విచారింపదగినది.

ఎర్రగడ్డకు రాకపూర్వ మీ యాసుపత్రి జాల్నాలో నుండెను. జాల్నా నాడు హైదరాబాదు సంస్థానములోని మరాఠీ ప్రాంతపు పట్టణము. రాజధానికి నాలుగువందల కిలోమీటర్లకు పైబడిన దూరము. తెలంగాణపు పల్లెనుండి కుమారుని నచట విడిచివచ్చిన తండ్రి యేటి కెన్నిమాఱులు పోయి చూడగలడు? అచటి వీధులలోని భాషయు వేఱు. దూరము మఱపునకు దారితీయును. 1953లో ఆసుపత్రిని ఎర్రగడ్డకు తరలించిరి. 1956లో జాల్నా బొంబాయి రాష్ట్రమున గలిసెను.

ఆసుపత్రి నగరమునకు జేరువైన యా కాలముననే చికిత్సయు మాఱెను. 1952లో పారిస్ వైద్యులు క్లోర్‌ప్రోమజిన్ అను మందును మనోవ్యాధులకు వాడి ఫలితము గాంచిరి. ఏండ్లతరబడి గదులలో నుంచవలసినవారు పెక్కుమంది యింటికి బోదగిన స్థితికి వచ్చుటకు మార్గ మేర్పడెను.

చట్టమును మెల్లగా నడచివచ్చెను. బ్రిటిషు ఇండియాలోని 1912 నాటి చట్టము పేరే ఉన్మాదుల చట్టము. రోగిని జేర్చుటకు సాధారణముగా మేజిస్ట్రేటు ఉత్తర్వు కావలసియుండెను. 1987లో దానిస్థానమున మానసికారోగ్య చట్టము వచ్చెను. 2017 నాటి చట్టము రోగిని గొలుసులతో గట్టుట నిషేధించెను. కుటుంబము స్వీకరింపలేదను కారణముచేతనే యెవరిని గాని ఆసుపత్రిలో నుంచరాదనియు శాసించెను. ఇట్టి నిబంధన యవసరమగుటయే మనకు సిగ్గుచేటు. దానిని వ్రాయించినది వ్యాధి కాదు, బంధువుల వైముఖ్యము.

నేడు మెట్రోరైలు ఎర్రగడ్డలో నాగుచున్నది. అమీర్‌పేటలో బండి మాఱినవారు హైటెక్ సిటీ చేరుదురు. ఆ సౌధములలో దేశదేశముల పనులు చక్కబెట్టు విద్యావంతులును, నిద్ర దూరమై మనస్సు క్రుంగినపుడు వైద్యుని కడకు బోవ వెఱతురు. వారిని వెఱపించునది బాల్యమున తాము నవ్విన యా మాటయే.

జ్వరము తగ్గి వచ్చినవానికి పథ్యము వండిపెట్టు నిల్లాలు, మనోవ్యాధి తగ్గి వచ్చినవానికిని అట్లే విస్తరి వేయవలెను. పిల్లలు ఆ పేరుతో వెక్కిరించినపుడు పెద్దలు నవ్వక మందలింపవలెను. చట్టము ఆసుపత్రి తలుపు తెఱచినది. ఇంటి తలుపు తెఱచుట మన పని.