ముక్కలను పారవేయని స్త్రీలు



మన ప్రభువు అయిదు రొట్టెలతో అయిదు వేలమందిని పోషించిన సంగతి మీరందరు ఎరుగుదురు. యోహాను సువార్త ఆరవ అధ్యాయములో ఆ సంగతి చివర ఒక చిన్న మాట కలదు. అందరును కడుపునిండ తినిన పిమ్మట ఆయన శిష్యులను పిలిచి, మిగిలినదానిలో ఏదియు పాడు కానీయక కూర్చుడని చెప్పెను. వారు అట్లు చేయగా పండ్రెండు గంపలు నిండెను. లేనిదానిని కలుగజేయగల ప్రభువు తునకలను ఎందుకు ఏరించెను? మరల రొట్టె చేయలేకనా? కాదు. ఆయన చేతినుండి వచ్చినది ఏదియు ఆయన దృష్టికి చెత్త కాదు గనుక. ఈ మాటను జ్ఞాపకమునకు తెచ్చు చరిత్ర ఒకటి నేడు మీకు చెప్పదలచితిని. అది రొట్టె ముక్కల చరిత్ర కాదు, గుడ్డ ముక్కల చరిత్ర.

మన పల్లెలలో బొంతను ఎరుగనివారు ఉండరు. నలిగిన చీరలు, పాత పంచెలు పొరలుగా పరచి, దగ్గర దగ్గరగా కుట్లు వేసి మన అవ్వలు బొంతలు కుట్టిరి. అమెరికా దేశములో ఇట్టిదానినే క్విల్ట్ అందురు. అది మూడు పొరలు గలది. అడుగున ఒక గుడ్డ, నడుమ దూది, పైన అతుకుల పొర. ఆ పై పొరలోనే దాని అందమంతయు ఉన్నది. రంగు రంగుల గుడ్డలను ముక్కలుగా కత్తిరించి, ఒకదానికొకటి అతికి, ఒక్కొక్క గడిని ముందుగా సిద్ధపరతురు. అట్టి గళ్లను వరుసగా చేర్చి పై పొర చేయుదురు. తరువాత మూడు పొరలను ఒక చట్రమునకు బిగించి, నలుగురు స్త్రీలు చుట్టు కూర్చుండి, అడుగువరకు సూది దించి కుట్టుదురు. కలిగినవారు అంగడిలో కొత్త గుడ్డలు కొని, ఏ రంగునకు ఏ రంగు కుదురునో చూచి కుట్టుకొందురు. లేనివారు ఇంటిలో చినిగినదానినే ఎదుట పోసికొని, వాటిలోనే జత వెదకుదురు. మన చరిత్ర ఈ రెండవవారిది.

అమెరికా దక్షిణ భాగమున అలబామా అను రాష్ట్రము కలదు. అందులో అలబామా నది ఒకచోట పెద్ద వంపు తిరుగును. ఆ వంపులో మూడు వైపుల నీరు చుట్టుకొనియున్న పల్లె గీస్ బెండ్. 1816లో జోసెఫ్ గీ అను దొర అచ్చటికి వచ్చి, నీగ్రో బానిసలచేత ప్రత్తి సాగు చేయించెను. 1845లో ఆ భూమి అప్పు క్రింద మార్క్ పెట్‌వే అను బంధువు చేతిలోనికి పోయెను. అతడు ఉత్తర కరోలినానుండి తన కుటుంబముతో వచ్చునప్పుడు, సుమారు నూరుమంది బానిసలను దారి పొడవునను కాలినడకన తెచ్చెను. బానిసలకు తమ యింటిపేరు నిలుపుకొను హక్కు లేదు గనుక యజమానుని పేరే వారికి అంటుకొనెను. నేటికిని ఆ పల్లెలో అనేకులు పెట్‌వేలే.

1865లో బానిసత్వము పోయెను గాని భూమి వారిది కాలేదు. వారు అదే నేలలో కౌలుదారులైరి. విత్తనములు అప్పు, ఎరువు అప్పు, పంట చేతికి వచ్చువరకు తిండియు అప్పు. ఈ బ్రదుకు ఎట్టిదో మన పల్లెవారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1932లో వారికి అప్పిచ్చుచుండిన వర్తకుడు మరణించగా, అతని విధవ బాకీ అంతయు ఒక్కసారిగా రాబట్టుటకు మనుష్యులను పంపెను. వారు వచ్చి పశువులను తోలుకొనిపోయిరి, బండ్లను నాగళ్లను పట్టుకొనిపోయిరి, గాదెలోని మొక్కజొన్నలను కోళ్లనుకూడ విడువలేదు. ఆ చలికాలమున రెడ్ క్రాస్ సంఘమువారు పిండి మొదలగునవి పంపినందున జనులు బ్రదికిరి.

అట్టి యిండ్లలో ఆ బొంతలు పుట్టినవి. చెక్క గోడల సందులనుండి చలిగాలి లోనికి కొట్టుచుండెను. పిల్లలకు క్రింద పరచుటకు బొంత, పైన కప్పుటకు బొంత, గాలి ఆపుటకును బొంతయే. గుడ్డ ఎచ్చటిది? పొలములో చినిగిన నీలిరంగు పనిబట్టలు, పిండి సంచులు, ఎరువు సంచులు. చట్రముమీద కుట్టునప్పుడు పాటలు పాడుకొనుచు, ప్రార్థన చేసికొనుచు కుట్టిరి.

వారికి ప్రియమైన అల్లిక ఒకటి కలదు. దానికి ఇంటికప్పు అని పేరు పెట్టిరి. నడుమ ఒక చిన్న చదరపు ముక్క ఉంచి, దాని నాలుగు ప్రక్కలను నాలుగు పట్టీలు అతికి, వాటి చుట్టు మరి నాలుగు, మరల నాలుగు, ఇట్లు గడి పెరుగుచు పోవును. ఒక పట్టీ పొట్టిదైనయెడల ఇంకొక ముక్క చేర్చి పొడవు చేసికొనుదురు. ఎరుపు కొంచెమే దొరికినయెడల దానిని నడుమ ఉంచుదురు, లేక చూపు నిలుచుచోట ఒక పట్టీగా వేయుదురు. వెలిసిన నీలమునకు ప్రక్కన ముదురు నీలము, దానికెదురుగా సంచిగుడ్డ తెలుపు. కొలబద్ద పెట్టి గీసినట్లు ఆ గీతలు ఉండవు. అయినను దూరమునుండి చూచినవానికి అదంతయు ఒక్క మాటవలె కనబడును.

1942 నాటికి ఆ పల్లెలో మిస్సోరి పెట్‌వే అను స్త్రీ విధవరాలైయుండెను. ఆమె భర్త పొలములో తొడిగిన పనిబట్టలను పారవేయలేదు, ఇతరులకును ఇయ్యలేదు. పెద్దకుమార్తె అర్లోన్జియాను సాయము చేయుమని పిలిచి, ఆ బట్టలను విప్పి ముక్కలు చేసి బొంత కుట్టెను. అతనిని జ్ఞాపకము చేసికొనుటకును, ప్రేమతో దానిని కప్పుకొనుటకును తల్లి దానిని కుట్టెనని ఆ కుమార్తె ముసలితనమున సాక్ష్యమిచ్చెను. ఇట్టి పనిబట్టల బొంతలలో మోకాళ్లచోట గుడ్డ వెలిసియుండును. జేబు విప్పినచోట మాత్రము ఎండ తగులనందున ముదురు నీలము అట్లే నిలిచియుండును. ఒక మనుష్యుని ప్రయాసమంతయు ఆ గుడ్డమీద వ్రాయబడినట్లే ఉండును. యొప్పేలో దొర్కా మరణించినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు, ఆమె కుట్టిన వస్త్రములను పేతురునకు చూపినట్లు అపొస్తలుల కార్యములు తొమ్మిదవ అధ్యాయములో చదువుచున్నాము గదా. కుట్టు పని ప్రేమకు సాక్షిగా నిలుచునని లేఖనమే చూపుచున్నది.

ఈలోగా ఆ పల్లెకు ఒక మేలు కలిగెను. 1937లో ప్రభుత్వము ఆ భూములను కొని, ఇండ్లు కట్టించి, తరువాత తక్కువ వడ్డీ అప్పుమీద అక్కడి కుటుంబములకే అమ్మెను. కౌలుదారుల బిడ్డలు రైతులైరి. అయితే మనుష్యునికి భూమి కలిగినంతమాత్రమున గౌరవము కలుగదు. ఆ విల్‌కాక్స్ కౌంటీలో నీగ్రోలే ఎక్కువమంది, అయినను 1965 ఆరంభమువరకు వారిలో ఒక్కరి పేరైనను ఓటర్ల పట్టికలో లేదు. ఓటు వ్రాయించుకొను కచేరీ నది ఆవలి ఒడ్డున కామ్డెన్ పట్టణములో ఉన్నది. గీస్ బెండ్ వారు బల్లకట్టుమీద నది దాటి అక్కడికి పోవలెను. 1962లో, వారు హక్కు అడుగ మొదలుపెట్టిన దినములలోనే, ఆ బల్లకట్టు నిలిచిపోయెను. ఎదుట కనబడు పట్టణమునకు చుట్టు తిరిగి సుమారు 40 మైళ్లు పోవలసివచ్చెను.

1965 ఫిబ్రవరిలో ఒక వాన రాత్రి మార్టిన్ లూథర్ కింగ్ బోధకుడు ఆ పల్లెకు వచ్చి, ప్లెజెంట్ గ్రోవ్ బాప్టిస్టు మందిరములో వారితో మాటలాడెను. ఆ సంవత్సరము ఆగస్టులో ఓటు హక్కు చట్టము వచ్చెను. ఓటు వ్రాయించుకొనినవారు ఊరకే విడువబడలేదు. గీస్ బెండ్ వారికి సొంత భూమి ఉండెను గాని, చుట్టుపట్ల పల్లెలలోని కౌలుదారులను దొరలు ఇండ్లనుండి వెళ్లగొట్టిరి.

ఆ బాధలను వ్రాసికొనుటకై 1965 డిసెంబరులో ఫ్రాన్సిస్ ఎక్స్. వాల్టర్ అను ఎపిస్కోపల్ సంఘపు గురువు ఆ ప్రాంతమున కారులో పోవుచు, ఒక యింటి ముందర దండెముమీద ఆరవేసిన మూడు బొంతలను చూచి నిలిచెను. ఆ యింటి స్త్రీతో మాటలాడవలెనని దిగగా, తెల్లవాడు వచ్చుచున్నాడని ఆమె భయపడి అడవిలోనికి పరుగెత్తెను. ప్రియులారా, ఇక్కడ కొంచెము ఆగి ఆలోచించుడి. వచ్చినవాడు మేలు చేయ వచ్చిన దైవసేవకుడు. అయినను అతని ముఖపు రంగును చూచుటతోడనే ఆమె పరుగెత్తెను. అతనివంటి ముఖములు ఆమెకు అంతవరకు చూపినది అట్టిది.

అతడు కోపపడలేదు, విడిచిపోలేదు. ఆ ప్రాంతపువారి నెరిగిన మనిషిని తోడు తీసికొని మరల వచ్చి, ఒక్కొక్క బొంతకు 10 డాలర్లు ఇచ్చెదనని చెప్పెను. అంతకుముందు దానిలో సగమైనను వారికి వచ్చుట కష్టమే. 1966 మార్చిలో ఆ స్త్రీలు కూడి ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ, అనగా స్వాతంత్ర్యపు బొంతల సంఘము, అను సహకార సంఘము స్థాపించుకొనిరి. వారి బొంతలు న్యూయార్కులో వేలమునకు వచ్చెను. ఎస్టెల్ విథర్‌స్పూన్ అను స్త్రీ చాల సంవత్సరములు ఆ సంఘపు మేనేజరుగా నడిపించెను. కూడబెట్టిన సొమ్ముతో వారు 23 ఎకరములు కొని కుట్టుశాల కట్టిరి. అది 1969లో ప్రతిష్ఠింపబడెను. వారు ఇంకొకటి చేసిరి. ఓటు కొరకు ఇల్లు పోగొట్టుకొనిన కొన్ని కుటుంబములకు ఆ నేలలో స్థలములు అమ్మి నిలువనీడ కల్పించిరి. పేలికలనుండి భూమి పుట్టెను, ఆ భూమిమీద ఇంకొకరికి ఇల్లు పుట్టెను.

1972లో సియర్స్ అను పెద్ద వర్తక సంస్థ వారికి కార్డురాయ్ గుడ్డతో తలగడ గలేబులు కుట్టు పని ఇచ్చెను. అందులో కొలతలు ఒకేరీతిగా ఉండవలెను, సొంత ఊహకు చోటు లేదు. కూలి కొరకు ఆ నియమము ప్రకారము కుట్టిరి. కత్తిరించగా మిగిలిన కార్డురాయ్ ముక్కలను ఇంటికి తీసికొనిపోయి, రాత్రివేళ తమ మనస్సునకు తోచినట్లు బొంతలు కుట్టుకొనిరి. అచ్చటి అందమైన బొంతలలో కొన్ని ఆ మిగులు ముక్కలవే.

2002లో గీస్ బెండ్ బొంతలు హ్యూస్టన్ నగరపు చిత్రకళాశాలలోను, పిమ్మట న్యూయార్కులోను గోడలకు వ్రేలాడదీయబడెను. పండితులు వచ్చి చూచి ఆశ్చర్యపడిరి. 2006లో ప్రభుత్వము 10 బొంతల చిత్రములతో తపాలా బిళ్లలు వేసెను. ఆ సంవత్సరమే, 44 ఏండ్ల తరువాత, ఆ నదిమీద మరల బల్లకట్టు నడిచెను. ధర పెరిగిన కొలది, కుట్టిన చేతులకు ఎంత చెందవలెనను వివాదము పుట్టి, 2007లో న్యాయస్థానమునకు పోయి, మరుసటి యేట రాజీతో ముగిసెను. స్వాతంత్ర్యపు సంఘమును 2012లో మూతపడెను. ఈ సంగతులను దాచనక్కరలేదు. గోడమీద బొంతకు గౌరవము చేయుట సులభము, కుట్టిన స్త్రీకి న్యాయము చేయుట కష్టము.

ప్రియ చదువరీ, ఇది మనకేల? మొదట, నీ చేతిలో ఉన్నది కొంచెమని చిన్నబుచ్చుకొనకుము. 1932లో అప్పులవాడు నాగలిని పట్టుకొనిపోయెను గాని చినిగిన చొక్కాను విడిచిపెట్టెను. ఆ విడిచిన దానితోనే ఆ తల్లులు బిడ్డలను చలినుండి కాపాడిరి. ప్రభువు నీ వద్ద లేనిదానిని అడుగడు, ఉన్నదానిని అడుగును.

రెండవది, నీ కొరకు కుట్టువాని, నేయువాని, కోయువాని కూలిని తగ్గించకుము. మందిరములో పాటలు పాడి, ఇంటికి వచ్చి పనిమనిషితో అర్ధరూపాయికి పేచీ పెట్టుట దేవునికి ఇష్టము కాదు. కోతవారికి బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టునని యాకోబు భక్తుడు హెచ్చరించెను గదా.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. మన సంఘములో ఏ ముక్క పారవేయబడియున్నది? పండుగనాడు వెనుక చాపమీద ఒంటరిగా కూర్చుండు విధవరాలు ఎవరు? మన పెద్దలను చూచి ప్రక్క సందులోనికి తప్పుకొనిపోవు బీదవాడు ఎవడు? ఆ స్త్రీ గురువును చూచి పరుగెత్తినట్లు, మనలను చూచి పరుగెత్తువారున్నయెడల తప్పు వారి కాళ్లది కాదు. మనము ఒకసారి పోయి ఊరకుండక, తోడు తీసికొని మరల పోవలెను.

ఇంటికప్పు గడిలో చిన్న ముక్కయే నడుమ ఉండును, పెద్ద పట్టీలు దాని చుట్టు నిలుచును. సంఘమును అట్లే కట్టబడవలెను. బలహీనులు నడుమ, బలముగలవారు చుట్టు. ఏ ముక్కయు పాడు కాకూడదనిన ప్రభువు మన సంఘములను అట్లు కూర్చును గాక. ఆమేన్.