ఒకే ఇంజిన్ కుటుంబం, వేర్వేరు గాలిదారులు: జిప్సీ–ఎస్టీమ్ భాగాల మార్పిడి

1962లో వ్యవసాయ పదాలతో వెలువడిన భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తి పదకోశం మన వృత్తిజ్ఞాన పరిశోధనకు దారి చూపింది. కార్ల మెకానిక్ పనిని కూడా ఆ దృష్టితోనే పరిశీలించాలి.

1985లో 970 సీసీ ఇంజిన్‌తో వచ్చిన మారుతి జిప్సీకి 1996లో 1298 సీసీ ఇంజిన్ అమరింది. 1994లో విడుదలైన ఎస్టీమ్‌దీ అదే సుజుకి జీ13 కుటుంబం. అయితే బంధుత్వం ఉన్నంత మాత్రాన గాలి పీల్చే భాగాలన్నీ ఇచ్చిపుచ్చుకోవడం కుదరదు. ఎస్టీమ్‌లో ఇంజిన్ అడ్డంగా, జిప్సీలో పొడవుగా కూర్చుంటుంది. ఫిల్టరు డబ్బా స్థానం, రబ్బరు గొట్టం వంపు మారిపోతాయి. కార్బురేటర్ కాలంలో మెకానిక్ జెట్ మార్చి, శబ్దం విని సరిచేసేవాడు. ఎంపీఎఫ్ఐ వచ్చాక మానిఫోల్డు పీడనాన్ని కొలిచే సెన్సారు చెప్పినదాన్ని బట్టి ఈసీయూ ఇంధనాన్ని నిర్ణయిస్తోంది. చెవికున్న అధికారం తగ్గింది. చరిత్ర రచనకు మోడళ్ల విడుదల తేదీల కన్నా ఈ మలుపే ముఖ్యం.

మరో మలుపు చట్టానిది. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్‌కు 2000లో చేసిన సవరణ, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు పేర్కొన్నవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చడాన్ని నిషేధించింది. 2019 సవరణ ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించింది. ఆ శిక్ష యజమానికి. ఇంజిన్ నంబరు ఆ పత్రంలో ఉంటుంది, ఫిల్టరు డబ్బా ఉండదు. తెల్లాపూర్ గ్యారేజీలోనైనా మరమ్మతుకూ మార్పుకూ మధ్య గీత గీయవలసింది ఇక్కడే.