ఫౌజు పద్దు, ఊరి పద్దు

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర గురించి ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు కోరారు. నేను చరిత్రకారుణ్ణి కాను, ముప్పై అయిదేళ్లు బిల్లులు రాసిన గుమాస్తాను. కనుక నాకు తెలిసిన పద్దుల దారిలోనే రాస్తున్నాను.

హైదరాబాదు రాజ్యంలో ఫౌజు ఖర్చు కథ పాతది. ఇంగ్లీషు కంపెనీ సైన్యాన్ని తన దగ్గర ఉంచుకున్నందుకు 1800లో నిజాం కడప, బళ్ళారి, అనంతపురం ప్రాంతాలను కంపెనీకి రాసిచ్చాడు. అవే దత్తమండలాలు. తరువాత హైదరాబాదు కంటింజెంటు అనే మరో సైన్యం జీతాల బాకీ పేరుకుపోయి, 1853లో పత్తి పండే బేరారు కంపెనీ చేతికి పోయింది. 1902లో దాన్ని ఏటా 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలు చేశారు. అప్పు తీర్చలేక చెలక తాకట్టు పెట్టిన రైతు కథ కూడా ఇంతే కదా!

ఇక మన ఊళ్ల సంగతి. జనగామ తాలూకా అప్పుడు నల్లగొండ జిల్లాలో ఉండేది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన చేను, తన పంట కోసం దొరకు ఎదురు నిలిచింది. కడవెండిలో 1946 జూలై 4న విసునూరు దేశ్‌ముఖు మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. జనం అడిగింది భూమి, వెట్టి రద్దు. సర్కారు పంపింది పోలీసులను, ఫౌజును.

1948 సెప్టెంబరు 13న యూనియన్ సైన్యం వచ్చింది. అయిదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు, రజాకార్ల పీడ విరగడైంది. అది గొప్ప మేలు, కాదనను. అయితే సైన్యం మన పల్లెల నుంచి వెంటనే వెళ్లలేదు. మిలటరీ లారీ వెనుకే పారిపోయిన దొర కూడా తిరిగి వచ్చాడని మా నాయన చెప్పేవాడు. అడవి వైపు కోయగూడేలను ఖాళీ చేయించి, జనాన్ని క్యాంపుల దగ్గరకు తరలించారు.

ఆ మూడేళ్లలోనే ఇంకో రకం పనీ జరిగింది. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇచ్చారు. ఆ అక్టోబరులో సాయుధ పోరాటాన్ని విరమించారు. ఒక్క తుపాకీతోనే శాంతి వచ్చిందంటే నేను నమ్మను. పోరాటం లేకుండానే ఆ చట్టాలు వచ్చేవన్నా నమ్మను.

1950 ఏప్రిల్ 1న సైన్యం ఖర్చు ఢిల్లీ ఖాతాలోకి పోయింది. పోలీసు పద్దు మాత్రం రాష్ట్రానికే మిగిలింది.

నేను 1974లో తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరాను. కౌలుదారీ చట్టంలోని 38-ఇ సెక్షన్ 1973 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. రక్షిత కౌలుదార్లకు పట్టా హక్కు ఇచ్చే సర్టిఫికెట్లు రాయడం నా మొదటి పనుల్లో ఒకటి. ఒక ముసలాయన వేలిముద్ర వేసి, కాగితాన్ని మడిచి తలపాగాలో పెట్టుకుని, మళ్లీ తీసి నన్నే చదివి వినిపించమన్నాడు. మూడుసార్లు చదివాను. సర్కారుకు ఆ పనికి అయిన ఖర్చు కాగితం, సిరా, మా జీతాలు. చట్టం వచ్చిన ఇరవై ఏళ్లకు పైగా ఆయన ఎదురుచూశాడు. సర్టిఫికెట్ అందినా పహాణీలో పేరు ఎక్కనివారు ఎందరో మిగిలిపోయారు.

1990ల్లో అడవి వైపు ఒక ఆఫీసులో పనిచేశాను. పేరు వద్దు. క్యాంపుకు వెళ్లే జీపుల డీజిలు బిల్లు పొద్దున వస్తే సాయంత్రానికి పాసయ్యేది. బడి కప్పు మరమ్మతు బిల్లు మాత్రం మూడుసార్లు అభ్యంతరాలతో తిరిగి వచ్చింది. ఆ వానాకాలం పిల్లలు చింతచెట్టు కింద చదువుకున్నారు. 2055 అంటే పోలీసు, 2202 అంటే విద్య, 2210 అంటే వైద్యం అని మన ట్రెజరీ మిత్రులకు చెప్పనక్కరలేదు. (1987కు ముందు పోలీసుది 255.) ఆ రోజుల్లో నక్సలైట్ల చేతిలోనూ, పోలీసుల చేతిలోనూ చచ్చింది మన ఊళ్ల బిడ్డలే. కాపలా వద్దని నేను అనను. ఒక పద్దుకు ఉన్న తొందర ఇంకో పద్దుకు ఎందుకు లేదన్నదే నా బాధ.

2018లో ఉమ్మడి భూపాలపల్లి జిల్లా కేంద్రం వారి రెండు జాబితాల్లో ఉంది. ఒకటి, మావోయిస్టు ప్రభావిత జిల్లాల్లో భద్రతకు రాష్ట్రం పెట్టిన ఖర్చు తిరిగి ఇచ్చే జాబితా. రెండోది, వెనుకబడిన జిల్లాలను ముందుకు తేవడానికి వేసిన ఆకాంక్షిత జిల్లాల జాబితా. 2022లో మానుకోటకు, అంటే మహబూబాబాద్‌కు, 2023లో జనగామ, భూపాలపల్లిలకు ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ములుగు గిరిజన విశ్వవిద్యాలయానికి 2014లో మాట ఇచ్చారు, చట్టం చేసేసరికి 2023 డిసెంబరు అయింది.

మన జిల్లాల్లో దళాల సంచారం ఇప్పుడు బాగా తగ్గింది. అలా మిగిలే డబ్బు 2202కూ, 2210కూ మళ్లించాలని మూడు జిల్లాల శాఖలూ కలిసి ఒక మహజరు ఇస్తే బాగుంటుంది. బడ్జెటు పుస్తకం చదవడం మనకు కొత్త కాదు. పద్దుల పాత పుస్తకం నా దగ్గర ఉంది, అట్ట ఊడింది గాని పేజీలన్నీ ఉన్నాయి. కావలసినవారు సంఘం ఆఫీసులో అడిగితే తెచ్చి ఇస్తాను.