కుంచం చిన్నదైతే లెక్క పెరుగుతుంది

ఎనిమిదో తరగతి పిల్లలు రాసే ఎన్‌ఎంఎంఎస్ ఉపకారవేతన పరీక్షలో 180 ప్రశ్నలకు 3 గంటల వ్యవధి. ప్రశ్నకు ఒక్క నిమిషం. ఆ నిమిషంలో ఎదురయ్యే లెక్కల్లో ఒక రకం ఇలా ఉంటుంది: 12 మంది ఒక చెరువు గట్టును 15 రోజుల్లో వేస్తే, 20 మంది ఎన్ని రోజుల్లో వేస్తారు? జవాబు 9. ఇలాంటి ప్రశ్న కూర్చేవారు పక్కనే 25 కూడా పెట్టడం మామూలు, ఎందుకంటే అనులోమంగా లెక్కకట్టిన పిల్లవాడికి వచ్చే సంఖ్య అదే. హెచ్చవేత, భాగహారం రెండూ తప్పు లేకుండా చేసి కూడా అతను తప్పు జవాబు దగ్గరికి చేరతాడు. మనుషులు పెరిగితే రోజులు తగ్గాలి కదా అని ముందు ఒక్కసారి అనుకుంటే 15 దాటిన జవాబులన్నీ అక్కడే రాలిపోతాయి. అలా అనుకోవడమే విలోమానుపాతంలో అసలు పాఠం, సూత్రం ఆ తర్వాతిది. ఇది కొత్తగా కనిపెట్టిన బోధన పద్ధతేమీ కాదు. మన పాత గణితంలో ఉంది, విజయవాడ చుట్టూ ఉన్న డెల్టా బతుకులోనూ ఉంది.

దీని పాత పేరు వ్యస్త త్రైరాశికం. తెలిసిన రాశులు మూడు: ప్రమాణం (పై లెక్కలో 12 మంది), ఫలం (15 రోజులు), ఇచ్ఛ (20 మంది). తేల్చవలసింది ఇచ్ఛాఫలం. మామూలు త్రైరాశికంలో ఫలాన్ని ఇచ్ఛతో హెచ్చించి ప్రమాణంతో భాగిస్తారు. వ్యస్తంలో ప్రమాణంతో హెచ్చించి ఇచ్ఛతో భాగిస్తారు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు ఈ నియమం చెప్పాడు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో దీన్ని వివరించాడు. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన ఆ గ్రంథాన్నే తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. నన్నయ భారతం మొదలుపెట్టిన శతాబ్దంలోనే తెలుగులో లెక్కల పుస్తకం పుట్టిందన్న సంగతిని మనం ఒక్క వాక్యంలో దాటేస్తుంటాం, అది బాధ కలిగించే విషయం. 1150లో భాస్కరాచార్యుడు లీలావతిలో ఇంకో అడుగు ముందుకు వేసి, ఇచ్ఛ పెరిగితే ఫలం తగ్గే చోట, ఇచ్ఛ తగ్గితే ఫలం పెరిగే చోట వ్యస్తం వాడాలని చెప్పి, అలాంటి సందర్భాలు మూడు చూపించాడు: ప్రాణుల వయసు బట్టి ధర, బంగారం వన్నె, రాశిని వేర్వేరు కొలపాత్రలతో కొలవడం. మొదటి దానికి ఉదాహరణ 16 ఏళ్ల ఆడమనిషి ధర 32 నిష్కాలైతే 20 ఏళ్ల ఆమె ధర ఎంత అని. మనుషులను అమ్మిన కాలపు లెక్క అది, చదివితే మనసు కలుక్కుమంటుంది. గణితంగా చూసినా అది బలహీనమైన ఉదాహరణే. వయసు పెరిగేకొద్దీ ధర సరిగ్గా అదే నిష్పత్తిలో తగ్గాలన్న నియమం ప్రకృతిలో లేదు, అది సంతలో వాడుక మాత్రమే. మూడో ఉదాహరణ అలా కాదు. 7 ఆఢకాలు పట్టే పాత్రతో కొలిస్తే 100 వచ్చిన ధాన్యపు రాశి, 5 ఆఢకాల పాత్రతో కొలిస్తే 140 వస్తుంది. ఇక్కడ రాశి మారలేదు, కొలిచే పాత్ర మాత్రమే మారింది. మారనిది ఏదో తెలిస్తే లెక్క తెలిసినట్టే.

డెల్టా కళ్లాల్లో ఈ లెక్క పుస్తకంలోకి ఎక్కకుండానే నడిచింది. ధాన్యం కొలిచే మనిషి మొదటి కుంచాన్ని ఒకటి అనడు, లాభం అంటాడు. ఆ తర్వాత రెండు, మూడు అంటూ పోతాడు. 4 కుంచాలు తూము, 20 తూములు పుట్టి అని ఎక్కం చెప్పుకున్నా, కుంచంలో పట్టే గింజలు మాత్రం ప్రాంతానికో తీరు. పైన కుప్పగా పోస్తే ఒక లెక్క, అంచు దాకా చదును చేస్తే ఇంకో లెక్క. అందువల్ల నోటితో చెప్పే సంఖ్య ఒక్కటే చాలదు, ఏ కుంచంతో అన్నది కూడా తెలియాలి. కౌలు ధాన్యం ఇన్ని కుంచాలని ఒప్పుకున్న రైతుకు కుంచం పెద్దదైతే నష్టం. రాశి అంతే ఉన్నా, అందులో వచ్చే కుంచాలు తగ్గిపోయి అతని వాటాకు మిగిలేది తగ్గుతుంది. వ్యస్త త్రైరాశికం అతనికి తిండిగింజల సంగతి. 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చి మెట్రిక్ పద్ధతి స్థిరపడ్డాక ఆ అన్యాయానికి చోటు తగ్గింది, అది మంచిదే. కాకపోతే పాత్ర మారితే సంఖ్య ఎటు కదులుతుందో చేత్తో తెలిసే సందర్భం కూడా దానితోపాటే పోయింది.

మనుషులు, రోజుల లెక్కకు ఈ నేల మీద కనిపించే గుర్తు కృష్ణ ఆనకట్ట. 1832-33లో గుంటూరు సీమను తుడిచిపెట్టిన నందన కరువు తర్వాత రెండు దశాబ్దాలకు, 1852లో, ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య దాని పని మొదలై 1855లో ముగిసింది. నది మధ్యలో పని అంటే నీరు దిగిన నెలల్లోనే, వరద వస్తే ఆగిపోవలసిందే. గడువు నది చేతిలో ఉన్నప్పుడు, రోజులు సగమైతే మనుషులు రెండింతలు కావాలన్న మాట పిల్లల పుస్తకపు లెక్కలా ఉండదు. కాలువల మట్టిపనిలో తవ్విన గోతి మధ్య చిన్న దిమ్మను తవ్వకుండా వదిలేవారు. దాని ఎత్తు కొలిస్తే ఎంత లోతు తవ్వారో, ఎంత మట్టి తీశారో తేలుతుంది. కూలీ ఆ ఘనపరిమాణానికే. ఎంతమంది తవ్వినా, ఎన్ని రోజులు తవ్వినా దిమ్మ చెప్పే మట్టి ఒక్కటే. లెక్కలో మారని రాశి కంటికి కనబడేలా నేల మీద నిలబడి ఉంటుంది. మనుషులంతా ఒకేలా పనిచేయరు కదా, ఒక గోతిలో 200 మందిని దింపితే ఒకరికొకరు అడ్డం కదా అని అడగవచ్చు. నిజమే. మనిషి-రోజు అనేది సగటు, దానికి హద్దులున్నాయి. ఆ హద్దులు చెప్పకుండా పిల్లలకు ఈ లెక్క నేర్పడం వాళ్లకు అన్యాయం చేయడమే అవుతుంది.

దీనికంటే గట్టి అభ్యంతరం పరీక్ష వైపు నుంచి వస్తుంది. కోచింగ్‌కు పేరుపడ్డ విజయవాడలో వేగం దురాశ కాదు. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) తరహా పరీక్షలో 160 ప్రశ్నలకు 180 నిమిషాలే. మనుషులు, రోజులు, గంటలు ఒక పక్క హెచ్చించి పనితో భాగించే సూత్రం ఉండగా ఆలోచిస్తూ కూర్చోవడం ఎందుకంటారు. పైగా పాత చదువు మాత్రం ఏం తక్కువ, వీధిబడిలోనూ బట్టీయే కదా అంటారు. బట్టీయే, కాదనను. కానీ ఆ బట్టీలో కూడా త్రైరాశికం, వ్యస్త త్రైరాశికం అని రెండు పేర్లున్నాయి. ఏ పేరు పెట్టాలో తేల్చుకోకుండా లెక్క మొదలయ్యేది కాదు. సూత్రం ఆ తేల్చుకోవడాన్ని తప్పిస్తుంది, అందుకే ప్రశ్న కాస్త పక్కకు జరిగితే చేతులెత్తేస్తుంది. ఒక హాస్టల్లో 200 మందికి 30 రోజులకు సరిపడా బియ్యం ఉన్నాయి. 10 రోజుల తర్వాత ఇంకో 50 మంది చేరారు. మిగిలిన బియ్యం ఎన్ని రోజులు వస్తాయి? సూత్రంలో సంఖ్యలు పోసినవాడికి 24 వస్తుంది. కొట్టులోకి తొంగిచూసినట్టు ఆలోచించినవాడికి 200 మందికి ఇంకా 20 రోజుల బియ్యమే ఉన్నాయని తెలుస్తుంది, 250 మందికి అవి 16 రోజులు. ఇలా ఆలోచించడానికి పట్టేది నిమిషంలో కొన్ని క్షణాలు. తప్పు జవాబుకు పోయే మార్కుతో పోలిస్తే అది పెద్ద ఖర్చు కాదు.

డెల్టాలో ఈ లెక్క ఇప్పటికీ బతికున్నది నీటిలో. పాత ఆనకట్ట స్థానంలో 1957 నాటికి పూర్తయిన ప్రకాశం బ్యారేజీ వెనక నిలిచేది సుమారు 3 టీఎంసీలు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, రోజుకు 86,400 సెకన్లు. కాబట్టి 11,574 క్యూసెక్కులు వదిలితే ఒక టీఎంసీ ఒక రోజులో అయిపోతుంది, 5,787 అయితే రెండు రోజులు వస్తుంది. కాగితం మీద ఇంతకంటే శుద్ధమైన విలోమానుపాతం దొరకదు. కానీ నీరు సగానికి తగ్గించి రెండింతలు రోజులు పారిస్తే రెండూ ఒకటే అనుకోవడానికి వీల్లేదు. ప్రవాహం తగ్గితే కాలువలో మట్టం పడిపోతుంది, గట్టులోని తూములకు నీరు అందదు, మట్టి తాగేదీ ఎండ పీల్చేదీ రోజులు పెరిగేకొద్దీ పెరుగుతాయి. మారదనుకున్న రాశి దారిలోనే తరిగిపోతుంది. అందుకే నీరు చాలని ఏడాది కాలువలన్నింటికీ కొద్దికొద్దిగా పంచడం కంటే వంతులు పెట్టి, ఒకదానికి కొన్ని రోజులు నిండుగా వదిలి, తర్వాత ఇంకోదానికి మళ్లించడం మేలు. కృత్తివెన్ను, నాగాయలంక వైపు శివారు రైతుకు ఎన్ని రోజులు వదులుతారన్నదానికంటే, తన తూము దగ్గర మట్టం ఎంత ఉంటుందన్నదే ముఖ్యం.