తూటా తాకని చోట గాయం: పీడన తరంగాలు, నాడీవ్యవస్థ

1864 మార్చిలో, అమెరికా అంతర్యుద్ధం ఇంకా సాగుతుండగానే, సైలస్ వేర్ మిచెల్, జార్జ్ మోర్‌హౌస్, విలియం కీన్ అనే ముగ్గురు వైద్యులు సర్జన్ జనరల్ కార్యాలయం ద్వారా ఒక చిన్న నివేదిక వెలువరించారు. ఫిలడెల్ఫియా సైనిక ఆసుపత్రిలో నరాల గాయాలకు చికిత్స చేస్తున్నవారు వాళ్లు. తూటా ఒక చోట తగలగా, దూరంగా ఉన్న మరో అవయవం చచ్చుబడిన సైనికుల వివరాలు ఆ నివేదికలో ఉన్నాయి. దెబ్బ తీవ్రత నరాల వెంట పాకి నాడీకేంద్రాల శక్తిని హరించి ఉంటుందని వారు ఊహించారు. అప్పటికి ఎక్స్-రే లేదు, శరీరంలో క్షణకాలం మాత్రమే ఉండే పీడన తరంగాన్ని కొలిచే సాధనమూ లేదు. వారి వివరణ నిలవకపోయినా వారి ప్రశ్న నిలిచింది: తూటా తాకని చోట గాయం ఎలా అవుతుంది?

దీనికి జవాబు వెతకాలంటే ముందుగా రెండు విషయాలను విడదీయాలి. తూటా కండలోకి దిగగానే దానికంటే ముందుగా ఒక ధ్వని తరంగం దూసుకుపోతుంది. మెత్తని కణజాలంలో దాని వేగం సెకనుకు సుమారు 1540 మీటర్లు. పీడనం చాలా ఎక్కువ, కానీ అది ఉండేది కొన్ని మైక్రోసెకన్లే. దాని వెనుక తూటా తన దారిలోని కండను పక్కలకు నెట్టేస్తుంది. అలా ఏర్పడే తాత్కాలిక కుహరం కొన్ని మిల్లీసెకన్లపాటు ఉబ్బి, కూలి, మళ్లీ ఊగుతుంది. ఈ రెండో కదలిక నెమ్మదైనది, కానీ కణజాలాన్ని నిజంగా జరిపేది ఇదే. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ప్రిన్స్‌టన్‌లో న్యూటన్ హార్వీ బృందం అతివేగ ఛాయాచిత్రాలతో, ఎక్స్-రేలతో ఈ రెండింటినీ వేర్వేరుగా చూపించింది. 8 గ్రాముల పిస్తోలు తూటా సెకనుకు 360 మీటర్ల వేగంతో వస్తే దాని శక్తి సుమారు 520 జౌళ్లు. 3.6 గ్రాముల రైఫిల్ తూటా 990 మీటర్ల వేగంతో వస్తే అది 1760 జౌళ్లు దాటుతుంది. బరువు సగానికంటే తక్కువైనా శక్తి మూడు రెట్లకు మించుతుంది, ఎందుకంటే శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఆ శక్తిలో ఎంత భాగం శరీరంలో మిగిలిందన్నదే కుహరం పరిమాణాన్ని నిర్ణయిస్తుంది.

గాయానికి దగ్గరలోని నరాల సంగతిలో పెద్ద వివాదం లేదు. తూటా నేరుగా తాకకపోయినా కుహరం ఉబ్బినప్పుడు నరం సాగి దెబ్బతింటుందని 1946లో పకెట్, గ్రండ్‌ఫెస్ట్ తదితరులు ప్రయోగాలతో చూపారు. నరం తెగకుండానే పనిచేయడం మానేసే స్థితిని హెర్బర్ట్ సెడన్ 1943లో ప్రత్యేకంగా వర్గీకరించాడు. వియత్నాం యుద్ధ క్షతగాత్రులను పరిశీలించిన జార్జ్ ఓమర్, తుపాకీ గాయాల్లో దెబ్బతిన్న నరాల్లో దాదాపు 70 శాతం వాటంతటవే కోలుకున్నాయని నివేదించాడు. తెగని నరం మీద తొందరపడి కత్తి పెట్టకుండా కొన్ని నెలలు వేచిచూసే పద్ధతికి ఇది గట్టి ఆధారం. ఎన్నో చేతులను, కాళ్లను కాపాడిన ఓపిక అది.

అసలు వాదమంతా మెదడు గురించే. 1980ల చివర స్వీడన్ పరిశోధకులు మత్తులో ఉన్న పందుల తొడలోకి కాల్పులు జరిపి మెదడును పరిశీలించారు. గోరాన్సన్ బృందం కాల్పుల వెంటనే మెదడు విద్యుత్ చర్య కొద్దిసేపు తగ్గడం గమనించింది. సునెసన్, హాన్సన్, సీమన్‌లు మెదడులో పీడన మార్పులను నమోదు చేశారు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో హైపోథాలమస్, హిప్పోకాంపస్ కణాల్లో మార్పులను, రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే రక్షణ పొర సడలిన గుర్తులను చూశారు. తొడ నుంచి మెదడుకు అర మీటరు దూరమనుకుంటే ధ్వని తరంగం మిల్లీసెకనులో మూడో వంతుకే చేరిపోతుంది. కుహరం రక్తనాళాలను నొక్కితే వాటిలో పుట్టే ఉప్పెన మరో దారి. ఛాతీ గాయాలైతే వేగస్ నరం ద్వారా గుండె, శ్వాస మందగించే ప్రతిక్రియ కూడా ఉంది.

పీడన తరంగం దూరాన ఉన్న కణజాలాన్ని గాయపరుస్తుందన్న అభిప్రాయంతో అమెరికా సైన్యపు శస్త్రవైద్యుడు మార్టిన్ ఫాక్లర్ గట్టిగా విభేదించాడు. మూత్రపిండాల రాళ్లను పగలగొట్టే లిథోట్రిప్సీలో వేల తరంగాలు శరీరంలోకి పంపినా చుట్టూ ఉన్న కణజాలానికి చెప్పుకోదగ్గ నష్టం లేదు కదా అన్నది అతని వాదన. ధ్వని తరంగం వరకు అది బలమైన అభ్యంతరమే, నేను దాన్ని తేలిగ్గా తీసుకోను. అయితే లిథోట్రిప్సీ తరంగం క్షణికం, పైగా ఒక్క బిందువు వద్ద కేంద్రీకృతం. ఎలుకల మెదడు పొర మీద ఒకటి నుంచి మూడు వాతావరణాల పీడనాన్ని ద్రవం ద్వారా, సుమారు 20 మిల్లీసెకన్లపాటు ప్రయోగిస్తే మెదడు గాయమవుతుంది. ప్రయోగశాలల్లో ఇది దశాబ్దాలుగా వాడుతున్న పద్ధతి. అంటే పీడనం ఎంత అన్నదానితో పాటు అది ఎంతసేపు ఉందన్నదీ లెక్కలోకి రావాలి. ఫాక్లర్ ఉదాహరణ ఈ రెండో ప్రశ్నను తాకదు.

2007లో ఎమీ కోర్ట్నీ, మైకేల్ కోర్ట్నీ ఈ ఆధారాలన్నీ కూర్చి, ఛాతీలోనూ కాళ్లుచేతుల్లోనూ పుట్టిన తరంగాలు మెదడును గాయపరచగలవని వాదించారు. సూక్ష్మ స్థాయి నష్టం వరకు ఈ అభిప్రాయాన్ని అంగీకరించవచ్చు. మనిషి వెంటనే కుప్పకూలడానికి తరంగమే కారణమన్న వాదనను మాత్రం ఈ ఆధారాలు మోయలేవు. రక్తస్రావం, ఆక్సిజన్ లోపం, భయం ఒక్కొక్కటీ ఆ పని చేయగలవు. తొడ ఎముక విరిగితే కొవ్వు కణికలు రక్తంలో కలిసి మెదడుకు చేరి చిన్నచిన్న రక్తస్రావాలు కలిగిస్తాయి. శవపరీక్షలో అవి పీడన గాయంలాగే కనిపించవచ్చు. తేడా కాలంలో ఉంది: కొవ్వు కణికల లక్షణాలు సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడతాయి, పీడన ప్రభావం ఆ క్షణంలోనే మొదలవాలి.

తేల్చుకోవడానికి జంతువులను ఇంకా చంపనక్కర్లేదు. తొడలో తూటా గాయంతో వచ్చినవారిని, రోడ్డు ప్రమాదంలో తొడ ఎముక విరిగి అంతే రక్తం పోగొట్టుకున్నవారితో పోల్చాలి. రెండు వర్గాల్లోనూ ఎవరికీ తలకు దెబ్బ ఉండకూడదు. మెదడు గాయాన్ని సూచించే జీఎఫ్ఏపీ అనే ప్రొటీన్‌ను రక్తంలో కొలిచే పరీక్షకు అమెరికాలో 2018లోనే అనుమతి వచ్చింది. ఆ పరీక్షను ఆసుపత్రికి చేరిన తొలి గంటల్లో ఒకసారి, మూడో రోజున మరోసారి చేసి, ఆరు నెలల తర్వాత జ్ఞాపకశక్తి, నిద్ర, ఏకాగ్రతలను పరిశీలించాలి. తూటాతో గాయపడిన వర్గంలో మాత్రమే ఆ ప్రొటీన్ తొలి గంటల్లోనే పెరిగి ఉంటే, కాలికి కట్టు కట్టి ఇంటికి పంపేసేవారిని మెదడు గాయపడినవారిగా కూడా చూడాల్సి వస్తుంది.