దుగ్గిరాల మాట్లాడిన రోజు

దుగ్గిరాల గోపాలకృష్ణయ్య అనగానే మనకి ముందు గుర్తొచ్చేది ఆయన నోరు. చాటువులు, వెటకారం, సభని ఊపేసే ఉపన్యాసం. ఎడింబరోలో ఎం.ఏ. చేసొచ్చి, రామదండు కట్టి ఊళ్ళు తిరిగిన మనిషి. చీరాల-పేరాల కథలో నన్ను ఆపేది మాత్రం ఆయన నోరు మూసుకుని విన్న ఘట్టం.

అప్పటి గుంటూరు జిల్లాలో ఇవి నేతగాళ్ళ ఊళ్ళు. 1919లో ప్రభుత్వం రెండిటినీ కలిపి మునిసిపాలిటీ చేసింది. 4,000 రూపాయల దగ్గరున్న పన్ను 40,000 దాకా ఎగబాకింది. జనం కట్టం పొమ్మన్నారు. జైలుకెళ్ళిన వాళ్ళలో ఒక స్త్రీ కూడా ఉంది. బెజవాడ కాంగ్రెస్ సమావేశం అయ్యాక, 1921 ఏప్రిల్ 6న, గాంధీ చీరాల వచ్చాడు. ఏం చేద్దామంటే రెండు దార్లు చెప్పాడు. చెయ్యెత్తకుండా పన్ను ఎగ్గొట్టి జైళ్ళకి పోవడం ఒకటి. మునిసిపాలిటీ హద్దు దాటి ఊరు ఖాళీ చెయ్యడం రెండోది. ఏదైనా మీ బలం మీదే, కాంగ్రెస్ ఆసరా లెక్కేసుకోవద్దు అని కూడా అన్నాడు.

జనం రెండోది ఎంచుకున్నారు. చెప్పడం తేలికే. కానీ గుంటమగ్గం మీద బతికేవాడు మగ్గం విప్పి మోసుకుపోగలడు గానీ గుంటని మోసుకుపోలేడు కదా! కొత్తచోట మళ్ళీ తవ్వుకోవాలి. అదీ నడివేసవిలో, తాటాకు పాకల్లో. 15,000 జనాభాలో ఎక్కువమంది కదిలారు. ఆ పాకల ఊరే రామనగరం. అన్ని కులాల నుంచీ ప్రతినిధులని ఎన్నుకుని సభ పెట్టుకున్నారు, తగాదాలు తీర్చే పంచాయితీ పెట్టుకున్నారు. అలాంటి చోట నాయకుడికి ఉపన్యాసంతో పనేముంటుంది? పొద్దున లేస్తే ఎవరి గోడు ఏమిటో వినాలి.

ఆ ఏడాదే ఆయన గంజాం జిల్లా బరంపురం వెళ్ళాడు. అక్కడ మాట్లాడకూడదని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆయన మాట్లాడాడు. ఏడాది జైలు పడింది.

ఊరుకోవాల్సింది అనే నా అభిప్రాయం. వేలమంది వానకీ ఎండకీ పాకల్లో ఉండగా ఒక్క సభ కోసం వాళ్ళ మధ్య నుంచి తప్పుకోవడమా? సర్కారుకి కావలసిందీ అదే. అయితే దీనికి ఎదురు ప్రశ్న ఉంది, అది చిన్నదేం కాదు. సర్కారు మాట వినొద్దని ఇళ్ళే వదిలించినవాడు, తన దాకా వచ్చేసరికి నోటీసుకి తలొగ్గి కూర్చుంటే, రామనగరంలో ఏ మొహం పెట్టుకుని తిరుగుతాడు? ఆ ప్రశ్న నన్ను కొంచెం మెత్తబరుస్తుంది, పూర్తిగా ఒప్పించదు.

మొత్తం 11 నెలలు నిలబడ్డారు. ఆయన జైల్లో ఉండగానే జనం పాకలు విప్పుకుని పాత ఇళ్ళకి వచ్చేశారు. మునిసిపాలిటీ అక్కడే ఉంది. గుంటల్లో పేరుకున్న మట్టి తీసి, మగ్గాలు మళ్ళీ బిగించుకుని ఉంటారు.