జూబిలీ వజ్రం ఒక్కటే కాదు: 1924లో టాటా స్టీల్‌ని నిలబెట్టిందేంటి?

1924లో జంషెడ్‌పూర్ స్టీల్ ఫ్యాక్టరీలో జీతాలివ్వడానికి డబ్బుల్లేవు. ఛైర్మన్ దొరాబ్జీ టాటా తన సొంత ఆస్తి ఇంపీరియల్ బ్యాంకులో తాకట్టు పెట్టి కోటి రూపాయల అప్పు తెచ్చారు. ఆ తాకట్టులో ఆయన భార్య మెహర్‌బాయి జూబిలీ వజ్రం కూడా ఉంది. అది కోహినూర్ కంటే పెద్దది. ఈ కథ మీరు రీల్స్‌లో చూసే ఉంటారు. అయితే ఇది సగం కథే. వజ్రంతో అప్పటికి గండం గడిచింది. తర్వాతి సంవత్సరాల సంగతేంటి?

అసలు సమస్య ఏంటంటే, మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక స్టీల్ ధరలు పడిపోయాయి. యూరప్ నుంచి చవక స్టీల్ మన రేవుల్లో దిగుతోంది. అదే టైమ్‌లో కంపెనీ భారీ ఖర్చుతో ఫ్యాక్టరీని పెంచుతోంది. దిగుమతుల మీద సుంకం వేయకపోతే కంపెనీ బతకదు. కానీ సుంకం వేస్తే దేశంలో స్టీల్ రేటు పెరుగుతుంది. అంటే ఒక ప్రైవేటు కంపెనీ కోసం జనం ఎక్కువ డబ్బులు కట్టాలి. దీనికి చట్టసభ ఎందుకు ఒప్పుకోవాలి?

జవాబు కోసం వెనక్కి వెళ్దాం. 1907లో ఈ కంపెనీకి మూడు వారాల్లోనే పెట్టుబడి వచ్చింది. పెట్టింది సుమారు 8,000 మంది భారతీయులు. అది స్వదేశీ ఉద్యమ కాలం. 1912లో ఫ్యాక్టరీలో 8 గంటల పని మొదలైంది. అప్పటికి బట్టల మిల్లుల్లో మగవాళ్లకి 12 గంటల పని చట్టబద్ధమే! ఫర్నేస్ ఎప్పుడూ ఆరదు కదా. 12 గంటలైతే రెండు షిఫ్టులు చాలు, 8 గంటలైతే మూడు కావాలి. ఆ ఏడాది లెక్కల్లో చూస్తే అది ఖర్చే. 1915లో ఉచిత వైద్యం, 1920లో ప్రావిడెంట్ ఫండ్ వచ్చాయి. యుద్ధంలో మెసొపొటేమియాకి రైలు పట్టాలు పంపారు. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చి ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు.

1923లో టారిఫ్ బోర్డు ఏర్పడింది. దాని ముందుకొచ్చిన మొదటి కేసు స్టీలే. 1924 జూన్‌లో స్టీల్ పరిశ్రమ రక్షణ చట్టం పాసైంది. దిగుమతి సుంకాలతో పాటు రైలు పట్టాలకి ప్రభుత్వ సాయం కూడా ఇచ్చారు. బ్రిటిష్ ప్రభుత్వంతో ఢీ అంటే ఢీ అనే మోతీలాల్ నెహ్రూ స్వరాజ్య పార్టీ కూడా ఈ బిల్లుకి మద్దతిచ్చింది. ఎందుకంటే వాళ్ల దృష్టిలో అది ఒక సేఠ్ గారి ఫ్యాక్టరీ కాదు, దేశం ఫ్యాక్టరీ.

మరి అంతా బాగానే ఉందా? లేదు. 1920 సమ్మెలో పోలీసు కాల్పులకి కార్మికులు చనిపోయారు. 1922లో మళ్లీ సమ్మె. అందుకే సభలో ఎన్.ఎం. జోషి లాంటి కార్మిక నాయకులు సూటిగా అడిగారు: జనం డబ్బుతో కంపెనీని కాపాడుతున్నాం, మరి కార్మికుడి సంగతేంటి? సాయం తీసుకున్నాక ఆ ప్రశ్నని తప్పించుకోవడం కుదరదు. 1925లో గాంధీజీ జంషెడ్‌పూర్ వెళ్లారు. సి.ఎఫ్. ఆండ్రూస్ అధ్యక్షుడిగా ఉన్న కార్మిక సంఘానికి కంపెనీ గుర్తింపు ఇచ్చింది. అయినా 1928లో మళ్లీ పెద్ద సమ్మె జరిగింది. జనం నమ్మకం ఒకసారి సంపాదిస్తే ఎప్పటికీ ఉండిపోయేది కాదు.

ఇల్లు అంటుకున్నాక బావి తవ్వితే ఏం లాభం? కంపెనీలు కష్టం రాగానే మొదట కోసేది సంక్షేమం, ఊరితో సంబంధాలు, ప్రభుత్వంతో మాటామంతీ. ఎందుకంటే ఈ మూడు నెలల లాభంలో అవి కనిపించవు. 1912లో మూడో షిఫ్టు ఖర్చు కూడా అలా కనిపించనిదే. 12 ఏళ్ల తర్వాత, చట్టసభలో ఓట్లు కావాల్సొచ్చినప్పుడు, దాని విలువ తెలిసింది.

మీరు పనిచేసే చోట, లేదా మీ ఊళ్లో ఉన్న ఫ్యాక్టరీలో, ఖర్చు తగ్గించాలంటే ముందు ఏది ఆపేస్తారు? కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.